చిన్న గ్రానైట్ యూనిట్‌లో కార్మికుణ్ణి, నీటిని కాపాడుకుంటూ పని నడపొచ్చా?

మీరు చీమకుర్తి దగ్గర చిన్న గ్రానైట్ కటింగ్, పాలిషింగ్ యూనిట్ పెట్టబోతున్నారు. ఇండస్ట్రీ 5.0 అనీ, కార్మికుడి మేలూ పర్యావరణమూ చూసుకునే తయారీ అనీ ఎక్కడ చూసినా వినిపిస్తోంది, మన దేశంలో పదిహేను ఇరవై మంది పనిచేసే షెడ్డులో ఇది అయ్యే పనేనా, పెద్ద కంపెనీల ముచ్చటేనా అని అడిగారు.

అయ్యే పనే. ఈ చుట్టుపక్కల పాలిషింగ్ యూనిట్లలో చాలా ఏళ్లుగా సూపర్‌వైజర్‌గా చేస్తున్నాను, ఆ అనుభవంతోనే చెబుతున్నాను. 2021లో యూరోపియన్ కమిషన్ ఇండస్ట్రీ 5.0 గురించి చెప్పినప్పుడు మనిషి కేంద్రంగా ఉండటం, పర్యావరణానికి చేటు చేయకపోవడం, ఒడిదుడుకులకు తట్టుకోవడం అని మూడు సంగతులు పెట్టింది. అక్కడి చర్చంతా రోబోల చుట్టూ తిరుగుతుంది. మన దగ్గర అది హ్యాండ్ గ్రైండర్ దగ్గర మొదలవ్వాలి.

డబ్బు తక్కువగా ఉంటే మొదటి రూపాయి అక్కడే పెట్టండి. పెద్ద కటింగ్ మిషన్ల మీద ఎలాగూ నీళ్లు పడుతూనే ఉంటాయి, లేకపోతే బ్లేడు సెగ్మెంట్లు మాడిపోతాయి. దుమ్మంతా లేచేది అంచులు నున్నగా చేసే చోట, వంటగది సింకుకి రంధ్రం కోసే చోట. అక్కడ గ్రైండర్ పొడిగా తిప్పుతారు. నీళ్లు పోస్తే గీసిన గీత చెరిగిపోతుంది, మెరుపు ఎంత వచ్చిందో తెలియదు, కరెంటు గ్రైండర్‌తో తడిలో షాక్ కొడుతుందన్న భయం ఉంటుంది. అడుగుల లెక్కన కూలి తీసుకునే కుర్రాడికి ఈ మూడూ న్యాయమైన కారణాలే. మనం అరిస్తే ఎదురుగా ఉన్నంతసేపు నీళ్లు పెడతాడు, పక్కకి వెళ్లగానే పైపు తీసేస్తాడు. కంప్రెసర్ గాలితో నడుస్తూ నీళ్లు చిమ్మే గ్రైండర్ ఇవ్వండి. తడిలో చెరగని మైనపు పెన్సిల్ ఇవ్వండి. అంచు పనికి అడుగుల లెక్క మానేసి రోజు కూలి కట్టండి. ఆ తర్వాత అరవాల్సిన పని ఉండదు.

ఆ దుమ్ములో కంటికి కనపడేది చాలావరకు ముక్కులోనే ఆగిపోతుంది. కనపడని సన్న పొడిలోని సిలికా, అంటే రాయిలో ఉండే క్వార్ట్జ్ ఖనిజం, ఊపిరితిత్తుల లోతుకి పోయి సిలికోసిస్ అనే జబ్బు తెస్తుంది, ఆ జబ్బును నయం చేసే మందు లేదు. ముఖానికి కట్టుకునే తువ్వాలు ఆ పొడిని ఆపలేదు. సాయంత్రం కంప్రెసర్ గాలితో ఒంటిమీద దుమ్ము ఊదుకోవడం చాలా షెడ్లలో అలవాటు. దానివల్ల పగలు తప్పించుకున్న దుమ్ము కూడా లోపలికి పోతుంది. స్నానానికి ఒక గది, సరిపడా నీళ్లు ఉంటే ఆ అలవాటు దానంతటదే పోతుంది. మన చీమకుర్తి నల్ల గ్రానైట్, అదే గెలాక్సీ రాయిలో సిలికా ఎక్కడిదండీ అని మీకు ఎవరో ఒకరు చెబుతారు. గెలాక్సీ గ్యాబ్రో జాతి రాయి, అందులో క్వార్ట్జ్ తక్కువన్నది నిజమే. ఆ బంగారు చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజానివి. కానీ ఆ ఒక్క రాయే కోసి ఏ యూనిట్ బతుకుతుంది? బయటి నుంచి వచ్చే అసలు గ్రానైట్లలో క్వార్ట్జ్ సాధారణంగా ఐదో వంతుకు తగ్గదు. వంటగది గట్లకు వాడే కృత్రిమ క్వార్ట్జ్ పలకలు ఇంకా ప్రమాదం. వాటిని కోసేవాళ్లు సిలికోసిస్ పాలవుతున్నారని ఆస్ట్రేలియా 2024 జులై 1 నుంచి వాటిని నిషేధించింది. ఆ ఆర్డర్లు మీరు అసలు ఒప్పుకోకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

ఇంకో మాట గట్టిగా చెప్పాలి. మన షెడ్లలో రాజస్థాన్, ఒడిశా, బీహార్ కుర్రాళ్లు చాలామంది. జబ్బు బయటపడేది ఏళ్ల తర్వాత, వాళ్ల ఊళ్లో. అప్పుడు ఎక్కడ పనిచేశాడో చెప్పే కాగితం ఒక్కటీ ఉండదు. పనిలో చేరినప్పుడూ ఏటా ఒకసారీ ఛాతీ ఎక్స్‌రే తీయించి, ఆ రిపోర్టు అతని చేతికే ఇవ్వండి. ఈఎస్‌ఐ ఎగ్గొట్టే దారులు చూడకండి. నెల జీతం 21,000 రూపాయల వరకు ఉన్నవాళ్లకు యజమాని వాటా 3.25 శాతమే.

ప్రాణాలు అక్కడికక్కడే తీసేది స్లాబు, అంటే కోసిన పెద్ద రాతి పలక. పదడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు, 2 సెంటీమీటర్ల మందం ఉన్న గెలాక్సీ స్లాబు దాదాపు 330 కిలోలు తూగుతుంది. స్లాబుల్ని రెండు పక్కలా ఆనించి పెట్టే స్టాండుకి ఒక పక్కనే తీసుకుంటూ పోతే రెండో పక్క బరువుకి స్టాండే తిరగబడుతుంది. రెండు వైపులా సమంగా తీయాలని అందరికీ తెలుసు. చెన్నై పోర్టుకి కంటైనర్ టైమ్ అయిపోతోందన్న టెన్షన్‌లో ఎవరికీ గుర్తుండదు. క్రేన్ బెల్టు నలిగిందని ముందు చూసేది కూడా హెల్పరే. అతను 'ఆపండి' అంటే పని ఆగాలి, ఆ పూట కూలి కోయకూడదు. బంగ్లాదేశ్‌లో 2013 ఏప్రిల్ 23న రాణా ప్లాజా భవనానికి పగుళ్లు కనపడితే కింద ఉన్న బ్యాంకు, దుకాణాలు మూసేశారు. పైనున్న బట్టల ఫ్యాక్టరీల వాళ్లు మర్నాడు కార్మికులను లోపలికి పిలిచారు. భవనం కూలి 1,100 మందికి పైగా చనిపోయారు. 'లోపలికి రాము' అని చెప్పే వీలు ఆ కార్మికులకి లేకుండా పోయింది.

నీళ్ల సంగతికొస్తే, మనది కరువు జిల్లా, బోరు నమ్ముకుని యూనిట్ పెట్టకండి. స్లర్రీని, అంటే రాతి పొడి కలిసిన బురద నీళ్లను, వరుసగా మూడు తొట్లలో తేర్చి ఆ నీళ్లే తిప్పి వాడుకోవచ్చు. పాలిషింగ్ చివరి దశకి మాత్రం బాగా తేరిన నీళ్లే పంపండి, ఇసుక రేణువు వస్తే గీతలు పడి సరుకు వెనక్కొస్తుంది. స్థోమత ఉంటే బురదలోంచి నీళ్లు పిండే ఫిల్టర్ ప్రెస్ పెట్టండి, బురద గట్టి అచ్చులుగా వస్తుంది, ఇటుకల వాళ్లతో మాట్లాడుకోవచ్చు. రోడ్డు పక్కన పోస్తే ఎండాక అదే పొడి పక్క పొలాల మీదికీ ఊళ్లోకీ వస్తుంది.

సరుకులో లోపం, పర్యావరణానికి హాని లేకుండా తయారు చేసే చిన్న పరిశ్రమలకు (ఎంఎస్ఎంఈలకు) కేంద్ర ప్రభుత్వం ఇచ్చే జెడ్ (ZED) సర్టిఫికెట్ ఫీజులో సూక్ష్మ సంస్థలకు 80 శాతం, చిన్న సంస్థలకు 60 శాతం సబ్సిడీ ఉంది, అడగండి.

షెడ్డు ప్లాన్ ఇంకా గీయించలేదంటున్నారు కాబట్టి, గ్రైండర్ల చోటు తూర్పు చివర పెట్టించండి. ఎండాకాలం చివర్లో పడమటి గాలి గట్టిగా కొడుతుంది, పడమర పెడితే ఆ దుమ్ము షెడ్డంతా తిరుగుతుంది. ప్లాన్ గీయించాక ఇక్కడే పెట్టండి, చూసి చెబుతాను.