కోరిక తీరినా వెలితి పోవట్లేదంటే

ప్రమోషన్ వచ్చిన రెండు నెలలకే మళ్ళీ వెలితిగా ఉంది, కోరికలన్నీ వదిలేయాలా అని అడిగారు కదండీ, అక్కర్లేదు, అసలు వదిలేయాలనుకోవడం కూడా ఇంకో కోరికే (నేనూ ట్రై చేసి చేతులెత్తేశా). మన బ్రెయిన్‌లో కావాలనిపించడం వేరు, దొరికాక ఆనందించడం వేరు, డోపమైన్ అనే బ్రెయిన్ కెమికల్ ఎక్కువగా మొదటిదాన్నే నడుపుతుంది, అందుకే వచ్చేదాకా ఉన్న ఊపు వచ్చాక ఉండదు, పైగా దేనికైనా ఇట్టే అలవాటు పడిపోతాం. 1978లో అమెరికాలో వచ్చిన ఒక స్టడీలో 22 మంది లాటరీ గెలిచినవాళ్ళని అడిగితే మామూలు వాళ్ళకంటే పెద్దగా సంతోషంగా ఏం లేరు, రోజువారీ చిన్న చిన్న ఆనందాలైతే మామూలు వాళ్ళకంటే తక్కువే. చిన్న స్టడీయే లెండి. ఈసారి ఏదైనా కావాలనిపిస్తే, దొరికిన రోజు కాదు, ఆర్నెల్ల తర్వాత ఒక మామూలు మంగళవారం ఎలా ఉంటుందో ఊహించుకోండి, అప్పటికీ కావాలనిపిస్తే దాని వెంట పడండి.