ఫ్లెక్సీలో ప్యాకేజీ కాదు నాయనా, నీలాంటోళ్లు యాడ తేలినారో చూడు

నాయనా,

నీ బీటెక్ రిజల్ట్స్ వచ్చి రెండు నెలలు దాటినా నువ్వు ఏదీ తేల్చుకోలేదని మీ అమ్మ చెప్పింది. ఒకరోజు జావా అంటావంట, ఒకరోజు గ్రూప్స్ అంటావంట, మొన్న ఎవరో ఫ్రెండ్ అమెరికాలో దిగి ఫొటో పెట్టినాడని ఎమ్మెస్ కూడా అన్నావంట. తప్పేం లేదులే, ఈ వయసులో అందరూ అంతే. ఫోన్‌లో చెప్తే నువ్వు ఊ ఊ అని పెట్టేస్తావు, అందుకే కూర్చొని రాస్తాండా, పొడుగైనా చదువు.

నేను కాలేజీ ప్లేస్‌మెంట్ సెల్‌లో చేసి రిటైరైనా కదా, ముందు ఆ లెక్కల సంగతి చెప్తా, ఎందుకంటే నీ దిగులులో సగం ఆ ఫ్లెక్సీలు చూసి పట్టుకున్నదే. అనంతపురంలో గానీ కర్నూలులో గానీ హైవే పక్కన కాలేజీలోళ్లు కట్టే ఫ్లెక్సీలో పెద్దక్షరాల్లో ఉండేది ఒకే ఒక్క పిల్లోడి ప్యాకేజీ, మిగతా రెండొందల మంది ఏమైనారో దాంట్లో ఉండదు. "90 శాతం ప్లేస్‌మెంట్స్" అని వేస్తారు చూడు, మతలబంతా ఎంతమందిలో 90 శాతం అనేదాంట్లో ఉంటాది. బ్యాక్‌లాగ్స్ ఉన్నోళ్లను తీసేస్తారు, 60 శాతం రానోళ్లను తీసేస్తారు, ప్లేస్‌మెంట్‌కు పేరు ఇయ్యనోళ్లను తీసేస్తారు, మిగిలినోళ్లకు ఎలిజిబుల్ అని పేరు పెట్టి వాళ్లలో ఎంతమందికి వచ్చిందో చెప్తారు. ఒకే పాపకు మూడు కంపెనీల్లో వస్తే మూడు ఆఫర్లు అని రాసుకునేటోళ్లు కూడా ఉండారు. అబద్ధం అనలేం, అట్లని నిజమూ కాదు. పైగా ఆఫర్ వేరు, జాయినింగ్ వేరు. 2022లో పాసైన బ్యాచ్‌లో ఆఫర్ లెటర్ చేతిలో పెట్టుకొని జాయినింగ్ డేట్ కోసం నెలల తరబడి కాసుకున్న పిల్లోళ్లు ఎంతమందో, వాళ్లంతా ఫ్లెక్సీలో ప్లేస్ అయినోళ్లే.

దీనికంటే మేలైన కాగితం ఒకటుంది, ఎవరూ తెరిచి చూడరు. కేంద్రం 2016 నుంచి కాలేజీలకు ఎన్ఐఆర్ఎఫ్ అనే ర్యాంకులు ఇస్తాంది, దానికి అప్లై చేసిన కాలేజీ తన డేటా అంతా పీడీఎఫ్‌గా సొంత వెబ్‌సైట్‌లో పెట్టాల. ఆ ర్యాంకింగ్‌లో నూటికి 20 మార్కులు చదివి బయటపడినోళ్లు ఏమైనారు అనేదానికే. ఆ పీడీఎఫ్‌లో వరసగా ఉంటాది, ఫస్ట్ ఇయర్‌లో ఎంతమంది చేరినారు, టైముకు ఎంతమంది పాసైనారు, ఎంతమందికి ఉద్యోగం వచ్చింది, మీడియన్ జీతం ఎంత, పై చదువులకు ఎంతమంది పోయినారు. మీడియన్ అంటే జీతాలన్నీ చిన్నది నుంచి పెద్దది దాకా వరసలో పెడితే సరిగ్గా మధ్యలో నిలబడినోడి జీతం. ఒకడికి 40 లక్షలు వచ్చినా ఆ అంకె కదలదు, సగటు అయితే ఎగిరిపోతాది.

ఉదాహరణకు ఒక కాలేజీలో 240 మంది చేరి, టైముకు 160 మంది పాసై, 96 మందికి ఉద్యోగం వచ్చింది అనుకో. పాసైనోళ్ల మీద చూస్తే 60 శాతం, చేరినోళ్ల మీద చూస్తే 40 శాతం. రెండూ ఒకే కాలేజీ లెక్కలే. ఆ పీడీఎఫ్ కూడా కాలేజీ రాసిచ్చిందే, కండ్లు మూసుకొని నమ్మాల్సిన పని లేదు, కానీ ఫ్లెక్సీ కంటే వంద రెట్లు నయం. మీ తమ్ముడు వచ్చే ఏడు కౌన్సెలింగ్‌కు పోతాడు కదా, వెబ్ ఆప్షన్లు పెట్టకముందే వాడికి ఇది చూపించు.

కాలేజీ అయిపోయినాక నాకెందుకు ఇదంతా అంటావేమో. నువ్వు ఇప్పుడు ఏ దారి పట్టినా అడగాల్సింది ఇదే ప్రశ్న కాబట్టి. దాంట్లో ఎంతమంది దిగినారు, నీలాంటోడు, అంటే మెకానికల్, ఆరున్నర సీజీపీఏ, తెలుగు మీడియంలో పది, వాడు ఎన్నేండ్లకు యాడ తేలినాడు. గెలిచినోడి ఇంటర్వ్యూ యూట్యూబ్‌లో దొరుకుతాది, మిగిలినోళ్లను నువ్వే పోయి వెతికి అడగాల.

గ్రూప్స్ సంగతే తీసుకో. మన ఆంధ్రలో గ్రూప్-2 నోటిఫికేషన్ 2018 డిసెంబరులో వచ్చింది, తర్వాతది 2023 డిసెంబరులో. మధ్యలో ఐదేండ్లు. ఆ 2023 దానికి కూడా ప్రిలిమ్స్ 2024 ఫిబ్రవరిలో అయితే మెయిన్స్ 2025 ఫిబ్రవరిలో అయింది, పోస్టులు తొమ్మిదొందల చిల్లర. టీచర్ పోస్టుల డీఎస్సీ కూడా అంతే, 2018 తర్వాత మళ్లీ 2025లో 16,347 పోస్టులతో వచ్చింది, దానికి నీకు బీఈడీ లేదు, టెట్ లేదు, కాబట్టి ఆ మాట వదిలెయ్. నేను ప్రభుత్వ ఉద్యోగం వద్దని చెప్పేదాన్ని కాదు, 2019లో గ్రామ, వార్డు సచివాలయాల్లో లక్ష మందికి పైగా చేరినారు, మన వీధిలోనే ఎన్ని ఇండ్లు నిలబడినాయో నీకు తెలుసు. కానీ అది అప్పుడొచ్చింది. మళ్లీ అట్లాంటిది వస్తాదని రూం తీసుకొని కూర్చుంటే రెజ్యూమేలో ఖాళీ పెరిగిపోతాది, ఇరవై ఎనిమిదేండ్లకు ప్రైవేటోడు ఫ్రెషర్‌గా తీసుకోడు, సర్కారుదేమో ఇంకా రాలేదంటాది. బ్యాంకు పరీక్షలు కొంచెం నయం, ఐబీపీఎస్ క్యాలెండర్ ప్రకారం ప్రతి ఏడాదీ పెడతాది, వచ్చిందా రాలేదా తొందరగా తేలిపోతాది. నంద్యాలలో బ్యాంకు కోచింగ్‌కు యాడెక్కడి నుంచో వస్తారు, నీకు అయితే కొన్ని గంటల దూరమే. పోవాలంటే పో, కానీ పోయేముందే మీ నాయనతో కూర్చొని ఏ నెల దాకానో తేదీ రాసుకో. ఆ తేదీ దాటితే ఇంకొక్క అటెంప్ట్ అని అడగకూడదు.

జావా కోర్సు. హైదరాబాద్‌లో అమీర్‌పేట, బెంగళూరులో మారతహళ్లి కోచింగ్ సెంటర్ల బోర్డుల మీద ఉండే ఫొటోలు కూడా ఆ ఫ్లెక్సీ జాతే. చేరేముందు వాళ్లను ఒకే ఒకటి అడుగు, పోయిన బ్యాచ్‌లో మెకానికల్ నుంచి వచ్చి ఉద్యోగంలో చేరినోళ్లలో ఇద్దరి నంబర్లు ఇయ్యండి అని. ఇచ్చినారా, ఫోన్ చేసి ఏ కంపెనీ, ఎన్ని నెలలు పట్టింది, జీతం బ్యాంకులో పడుతుందా అని అడుగు. ఇయ్యలేదా, లేచి వచ్చేయ్.

ఇంగొకటి గట్టిగా చెప్తాండా. రెండు లక్షలు కట్టు, బ్యాక్‌డోర్‌లో పెట్టిస్తాం, రెండేండ్ల ఎక్స్‌పీరియన్స్ లెటర్ కూడా మేమే ఇస్తాం అని ఒకడు తప్పకుండా తగులుతాడు, మన ఊరోడే తెచ్చి పరిచయం చేస్తాడు. ఇప్పుడు కంపెనీలు పీఎఫ్ యూఏఎన్ నంబరు అడిగి సర్వీస్ హిస్టరీ చూస్తాండాయి, ఎప్పుడు ఏ కంపెనీలో చేరినావు, ఎప్పుడు మానినావు అంతా దాంట్లో ఉంటాది. చేరినాక ఆర్నెల్లకు బయటపడినా తీసేస్తారు. ఆ రెండు లక్షలు నీకు ఎవడూ వెనక్కి ఇయ్యడు.

నన్నడిగితే నువ్వు మెకానికల్ చదివి మెకానికల్ వైపే చూడకపోవడం నాకు నచ్చలేదు. 2019లో కియా కార్ల ఫ్యాక్టరీ మొదలైనాక పెనుకొండ పక్క విడిభాగాల ఫ్యాక్టరీలు వచ్చినాయి, బెంగళూరులో పీణ్య, బొమ్మసంద్ర ఉన్నాయి, హోసూరు ఉంది, అన్నీ మనకు ఒక రాత్రి ప్రయాణం కూడా కాదు. మొదటి జీతం తక్కువే, సాఫ్ట్‌వేర్ పిల్లోళ్ల ముందర చెప్పుకోవడానికి నామోషీగా ఉంటాది, ఉండనీ. నాట్స్ పోర్టల్‌లో పేరు రిజిస్టర్ చెయ్, అది కేంద్రం అప్రెంటిస్‌షిప్ స్కీం, గ్రాడ్యుయేట్‌కు 2019 రూల్స్‌లో నెలకు కనీసం 9,000 స్టైపెండ్ అని పెట్టినారు, ఏడాది పాటు, చివర్లో సర్టిఫికెట్. ఉద్యోగం ఇస్తామని రాతపూర్వకంగా ఏం ఉండదు, కానీ ఫ్యాక్టరీలో మిషన్ల దగ్గర, షాప్ ఫ్లోర్ మీద ఏడాది నిలబడినోడు ఇంటర్వ్యూలో మాట్లాడే తీరే వేరేగా ఉంటాది.

అది ఎట్లుంటాదో ఒకటి చెప్తా. ఒకసారి మా దగ్గరికి ఫ్యాక్టరీ వాళ్లు ఇంటర్వ్యూలకు వచ్చినారు, పక్కన కూర్చొని పేర్లు పిలిచేది నేనే. వచ్చినాయన సంచిలో నుంచి ఒక బేరింగ్ తీసి బల్ల మీద పెట్టి, దీని మీద 6205 అని ఉంది, లోపలి బోరు, అంటే మధ్య రంధ్రం, ఎంత అని అడుగుతాండాడు. తొమ్మిది సీజీపీఏ పాప థర్మోడైనమిక్స్ గడగడా చెప్పింది గానీ దీని దగ్గర ఆగిపోయింది, ఇంకో అబ్బాయి స్కేలు అడిగినాడు. ధర్మవరం పక్క నుంచి వచ్చే ఒక పిల్లోడు, ఏడు సీజీపీఏ కూడా లేదు వానికి, వాళ్ల నాయనకు మోటర్లు రిపేరి చేసే షాపు ఉంది, చూడకుండానే 25 మిల్లీమీటర్లు సార్ అన్నాడు. ఎట్లా అంటే చివరి రెండంకెలు ఐదుతో గుణిస్తే వస్తాది సార్, 05 కాబట్టి 25, మోటర్‌లో ఇదే ఎక్కువ పోతాది అన్నాడు. ఆయన ఇంకేమీ అడగలేదు, బేరింగ్ సంచిలో పెట్టేసి జీతం గురించి మాట్లాడినాడు. ఇంగ్లీషు కూడా వానికి అంతంత మాత్రమే. నీ సంగతి చెప్పు, మీ ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు మీరే చేసినారా, హైదరాబాద్ నుంచి కొనుక్కొచ్చినారా? కొన్నదైతే దాన్ని రెజ్యూమేలో నుంచి ఇప్పుడే తీసెయ్, లేదంటే కూర్చొని దాని ప్రతి పార్టు ఏంటికి ఉందో నేర్చుకో. రెండో ప్రశ్నకే దొరికిపోతారు పిల్లోళ్లు.

గేట్ రాయాలనుంటే రాయి, ఫిబ్రవరిలో ఉంటాది, స్కోరు మూడేండ్లు పనికొస్తాది, దాంతో మంచి చోట ఎంటెక్ సీటు వస్తే నెలకు 12,400 స్టైపెండ్ వస్తాది. స్కోరు లేకుండా ఊరికే రెండేండ్లు గడపడానికి పక్క కాలేజీలో ఎంటెక్ చేరొద్దు.

ఎమ్మెస్ విషయం మీ నాయన ముందర ఊరికే ఎత్తొద్దు, ఆయన నిద్రపోడు. ఏడున్నర లక్షలు దాటిన లోన్‌కు బ్యాంకులు మామూలుగా ఆస్తి తాకట్టు అడుగుతాయి, మీకున్న ఆస్తి ఏందో నీకు తెలుసు. అక్కడ చదువు అయిపోయినాక ఓపీటీ, అంటే అక్కడే పని చేసుకునే పర్మిషన్, 12 నెలలు, సైన్స్, ఇంజనీరింగ్ లాంటి స్టెమ్ కోర్సు అయితే ఇంకో 24 నెలలు, ఆ లోపల హెచ్-1బీ వీసా తగలాల, అదేమో ఏడాదికి 85,000కు లాటరీ. పోవాలనే ఉంటే మొన్న దిగినోణ్ణి కాదు, మూడేండ్ల కింద పోయినోణ్ణి అడుగు, లోన్ ఎంత తీరింది అని. వాడు చెప్పినాక కూడా పోవాలనిపిస్తే అప్పుడు నేనే మీ నాయనతో మాట్లాడతా.

ఈ లోపల కాగితాలు. ప్రొవిజనల్, కన్సాలిడేటెడ్ మెమో, టీసీ తెచ్చుకున్నావా? ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదని కాలేజీలో సర్టిఫికెట్లు పట్టుకుంటే ఒట్టి నోటితో బతిమాలకుండా అప్లికేషన్ రాసి ఇచ్చి రసీదు తీసుకో, ఒరిజినల్స్ పట్టుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది. పది మెమోలో నీ ఇంటిపేరు ముందర ఉంది, ఆధార్‌లో వెనక ఉందని మీ అమ్మ ఒకసారి అన్నట్లు గుర్తు. అది చిన్న విషయం కాదు, పీఎఫ్ దగ్గర, పాస్‌పోర్టు దగ్గర, బ్యాంకు దగ్గర అన్ని చోట్లా ఆగిపోతాది. ఆధార్‌ను పది మెమో ప్రకారం మార్పించు, ఉద్యోగం వచ్చినాక పరిగెత్తేదానికంటే ఇప్పుడు ఖాళీగా ఉన్నప్పుడే సులువు.

వచ్చే ఆదివారం మా ఇంటికి రా, సీనియర్లు పదిమంది పేర్లు రాసుకొని రా, మీ బ్రాంచి వాళ్లవే, మూడేండ్ల ముందర పాసైనోళ్లవి. బాగా సెటిలైనోళ్లవే కాకుండా ఏం చేస్తాండారో నీకు తెలియనోళ్లవి కూడా రాయి, ఇద్దరం కూర్చొని ఒక్కొక్కరికీ ఫోన్ చేద్దాం. బెంగళూరు పోవాల్సి వస్తే పీజీ హాస్టల్ అడ్వాన్స్ నేను ఇస్తా, ఇది మాత్రం మీ నాయనకు ఇప్పుడే చెప్పొద్దు, ఆయన మొహమాటపడి వద్దంటాడు.

మీ పెద్దమ్మ