పొగరు కాదు, పంటి పోటు

ప్రశ్న: మొయినాబాద్ దగ్గర మా పొలంలో అయిదేళ్ల మార్వాడీ మగ గుర్రం ఉంది. విత్తులు కొట్టించలేదు. బరువు సుమారు 350 కిలోలు. పెళ్లి ఊరేగింపులకు తయారు చేయాలని రోజూ పొద్దున కళ్లెం కడియానికి పన్నెండు అడుగుల తాడు కట్టి గుండ్రంగా తిప్పుతున్నాం. ఎడమ వైపు తిరిగేటప్పుడు మాట వింటుంది. కుడి వైపు తిప్పితే చాలు, తల ఎగరేసి తాడు లాక్కుని బయటికి పోతుంది. రెండు నెలలుగా ఇదే తంతు. రోజుకు 5 కిలోల ఉలవలు, శనగలు పెడుతున్నాం. పొగరెక్కిందని, కాంటా లగాం (ముళ్ల కళ్లెం) వేయమని, అప్పటికీ లొంగకపోతే శాంతపరిచే సూది వేయించమని అమ్మిన వ్యాపారి అంటున్నాడు. సూది పేరు, మోతాదు తెలుపగలరు. ఈమధ్య గడ్డి నమిలి ఉండలుగా కింద పడేస్తోంది. అది అలవాటేనా?

జవాబు: వేయించడానికని సూది పేరు, మోతాదు చెప్పను. మీ సందేహానికి జవాబు మీరు చివర్లో ఏదో గుర్తొచ్చినట్టు చేర్చిన మాటలోనే ఉంది. గడ్డి నమిలి ఉండలుగా పడేయడం అలవాటు కాదు, నోటి నొప్పి. గుర్రం దవడ పళ్లు ఏళ్ల తరబడి పైకి వస్తూనే ఉంటాయి, నమిలే కొద్దీ అరుగుతుంటాయి. పై దవడ కింది దవడ కంటే వెడల్పు కాబట్టి అరుగుదల సమంగా ఉండదు. పై పళ్లకు బుగ్గ వైపు, కింది పళ్లకు నాలుక వైపు కత్తి అంచులాంటి మొనలు తేలతాయి. మేత తక్కువ, గింజ ఎక్కువ పెట్టే చోట ఇది మరీ ఎక్కువ.

ఇక కుడి వైపే ఎందుకు? కుడి వైపు తిరిగేటప్పుడు మీ తాడు కుడి కడియానికి ఉంటుంది. మీరు లాగగానే నోట్లోని ఇనుము మొత్తం కుడికి జరుగుతుంది, ఎడమ కడియం వచ్చి ఎడమ బుగ్గను పంటి మొనకేసి నొక్కుతుంది. పుండు ఎడమ బుగ్గలో ఉందని నా అనుమానం. చూడటానికి నోట్లో చెయ్యి పెట్టకండి, వేళ్లు దక్కవు. పెదవి మూల దగ్గర నుంచి వెనక్కి, పై పళ్ల వరస వెంట, బుగ్గను బయటి నుంచే బొటనవేలితో మెల్లగా నొక్కుతూ పోండి. ఒక చోట తల విసురుతుంది. అదే చోటు. తర్వాత కుడి బుగ్గ కూడా అలాగే చూసి తేడా గమనించండి.

కాలి నొప్పి లేదని కూడా తేల్చుకోవాలి. గట్టి నేల మీద, తాడు వదులుగా పట్టి, తిన్నగా చిన్న పరుగు తీయించండి. ముందు కాలు నొప్పిగా ఉంటే ఆ కాలు నేలకు ఆనినప్పుడల్లా తల పైకి లేస్తుంది. అలా కనిపిస్తే తిప్పడం ఆపి డాక్టరును పిలవండి. తల నిలకడగా ఉంటే నోటి సంగతి చూడండి. రాజేంద్రనగర్ పశువైద్య కళాశాల ఆసుపత్రి మీకు దూరం కాదు. గుర్రాన్ని తెస్తున్నామని ముందే ఫోను చేయండి. తగిన మత్తు ఇచ్చి, నోరు తెరిచి పట్టే పరికరం పెట్టి, ఆకురాయితో మొనలు అరగదీస్తారు. ఆ తర్వాత 10 రోజులు నోట్లో ఇనుము పెట్టవద్దు. ఇకపై ఏడాదికి ఒకసారైనా పళ్లు చూపించండి.

కాంటా లగాం సంగతి. పుండు మీద ముల్లు గుచ్చితే గుర్రం శాంతిస్తుందని ఎవరు చెప్పినా నమ్మేస్తారా? పైగా అది నేరం. బరువులు మోసే, లాగే జంతువుల కోసం 1965లో చేసిన హింసా నివారణ నియమాలు ముళ్ల కళ్లేన్ని నిషేధించాయి. సూది విషయానికొస్తే, అలాంటి మందుల్లో ఎసిప్రోమజిన్ ఒకటి. విత్తులు కొట్టని మగ గుర్రానికి ఇస్తే అంగం బయటికి జారి, ఒక్కోసారి మళ్లీ వెనక్కి పోదు. మత్తు ఎప్పుడు, ఎంత అన్నది గుర్రాన్ని చూసిన డాక్టరు తేల్చాలి. గుర్రాన్ని అమ్మి డబ్బు లెక్కపెట్టుకున్న మనిషి కాదు.

నోరు మానాక తిప్పే పద్ధతి మార్చండి. పన్నెండు అడుగుల తాడుతో అయిదేళ్ల గుర్రాన్ని గిరగిరా తిప్పితే కీళ్లు పోతాయి. తాడు 8 మీటర్లు ఉండాలి. దాన్ని కళ్లేనికి కాకుండా కావెసన్ అనే ముక్కుపట్టీ మీది కడియానికి కట్టండి. మీరు గుర్రం భుజానికి కాస్త వెనక, పొట్ట పట్టీకి ఎదురుగా నిలబడాలి. తాడు తల వైపు, చర్నాకోల కొస వెనక కాళ్ల వైపు ఉండాలి. భుజం దాటి ముందుకు వచ్చారంటే మీరే దాన్ని అడ్డుకున్నట్టు, అది ఆగుతుంది లేదా తిరగబడుతుంది. మిగిలిన తాడు మడతలుగా పట్టుకోండి, చేతికి చుట్టుకోవద్దు. చేతి తొడుగులు తప్పనిసరి. బయటికి లాగినప్పుడు మీరూ బిగపట్టి లాగితే బలం ఎవరిదో తెలిసిందే కదా! ఒక క్షణం బిగించి వెంటనే వదలండి, మళ్లీ బిగించి వదలండి. మొదటి వారం నడకే. పది అడుగులు నడిపించి ఆపడం, మళ్లీ నడిపించడం. ఒక్కో వైపు 5 నిమిషాలు, మొత్తం 15 నిమిషాలు దాటవద్దు. మెత్తటి, జారని నేల చూసుకోండి. వాన పడిన నల్లరేగడిలో తిప్పవద్దు. మనవాళ్లు గుర్రాన్ని నడిపించడం, ఎక్కడం అన్నీ ఎడమ పక్క నుంచే చేస్తారు. అందుకే కుడి వైపు ఎలాగూ దానికి కొత్త. మేత పెట్టేటప్పుడు, మాలిష్ చేసేటప్పుడు కుడి పక్కన కూడా నిలబడటం అలవాటు చేయండి.

గింజ 5 కిలోలు ఎక్కువ. మూడు రోజులకు అరకిలో చొప్పున తగ్గించి, రెండు పూటలకు కలిపి 2 కిలోల దగ్గర ఆపండి. ఎండుగడ్డి రోజుకు 7 కిలోలకు తగ్గకూడదు. ఉప్పు 30 గ్రాములు.

ఇంత రాశారు, ధనుర్వాతం టీకా గురించి ఒక్క మాట లేదు. వేయించలేదనే అనుకుంటున్నాను. నా దగ్గరికి వచ్చే గుర్రపు యజమానుల్లో చాలామంది వెండి జీను ధర రూపాయితో సహా చెబుతారు, టీకా తేదీ అడిగితే నేల చూస్తారు. ఆ క్రిమి మట్టిలో, లద్దిలోనే ఉంటుంది. పశువులన్నింటిలో దానికి తేలిగ్గా లొంగేది గుర్రం. లాడం మేకు గీరుకున్నా చాలు. ఒకసారి ఒక పెళ్లి గుర్రాన్ని తెచ్చారు. నాలుగు కాళ్లూ కర్రల్లా చాపి నిలబడింది, తోక ఎత్తి ఉంది. గడ్డం కింద చిన్నగా తట్టగానే కంటి మూల నుంచి తెల్లటి పొర గుడ్డు మీదికి వచ్చింది. జీను మీద పూలదండ ఇంకా వాడలేదు. అది బతకలేదు.

ఇప్పుడే మొదటి టీకా, 4 నుంచి 6 వారాల్లో రెండోది, తర్వాత ఏటా ఒకటి. పళ్లు అరగదీయించే రోజునే మొదటిది వేయించండి. నోట్లో పుండు ఉంటే టీకాతో పాటు మరో చోట 1,500 యూనిట్ల యాంటీటాక్సిన్ (ధనుర్వాతం విషానికి విరుగుడు) సూది కూడా కావాలేమో డాక్టరును అడగండి. తేదీలు ఒక పుస్తకంలో రాసిపెట్టండి. పుండు ఎడమ బుగ్గలో ఉందో, నా అంచనా తప్పి కుడి బుగ్గలో ఉందో కూడా చూసి రాయండి.