తేలిక కారుకు ఏది ముందు: ఇంజిన్ బలమా, ఛాసిస్ పొందికా?

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో నాలుగు ఒకే సందేహం చుట్టూ తిరుగుతున్నాయి. బరువు తక్కువగా ఉండే స్పోర్ట్స్ కారులో డబ్బునూ శ్రద్ధనూ ఇంజిన్ మీద పెట్టాలా, లేక స్ప్రింగులు, డ్యాంపర్లు (షాక్ అబ్జార్బర్లు), టైర్లు, స్టీరింగు కలిసి పనిచేసే తీరు మీద, అంటే ఛాసిస్ పొందిక మీద పెట్టాలా అన్నదే ఆ సందేహం. అందుకని ఆ నాలుగింటికీ ఒకచోటనే జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: డల్లాస్‌లో ఉద్యోగం చేస్తున్నాను. రెండేళ్ళ కిందట టొయోటా జీఆర్86 కొనుక్కున్నాను. ఇటీవల ఆస్టిన్‌లోని సర్క్యూట్ ఆఫ్ ది అమెరికాస్‌లో ట్రాక్ డేకి (సొంత కార్లను రేసు ట్రాక్ మీద నడపనిచ్చే రోజుకు) వెళ్ళినప్పుడు, మలుపులు లేని పొడవాటి దారిలో మస్టాంగ్ జీటీలు నన్ను సునాయాసంగా దాటిపోయాయి. 228 హార్స్‌పవర్ చాలదనిపించింది. స్నేహితులు టర్బో పెట్టించమంటున్నారు. అక్కడి శిక్షకుడు మాత్రం ముందు టైర్లు, సస్పెన్షన్ చూసుకోమన్నారు. నా దగ్గరున్న డబ్బు ఒక్కదానికే సరిపోతుంది. ఏది చేయించమంటారు?

జవాబు: శిక్షకుడి మాట వినండి. ముందు టైర్లు, బ్రేకులు, వీల్ అలైన్‌మెంట్. ఆ తరువాత అవసరమైతే డ్యాంపర్లు. టర్బో సంగతి ఇప్పట్లో ఆలోచించవద్దు.

అలాగని మీ అనుభవాన్ని తక్కువ చేయడం లేదు. ఆ ట్రాక్‌లో 11వ మలుపుకూ 12వ మలుపుకూ నడుమ ఉన్న దారి కిలోమీటరు దాకా ఉంటుంది. అక్కడ 480 హార్స్‌పవర్ ఉన్న కారు మీ కారును దాటడం న్యాయమే, దానికి ఏ సస్పెన్షనూ విరుగుడు కాదు. కానీ ఆ ట్రాక్ పొడవు 5.5 కిలోమీటర్లు, అందులో మలుపులు 20. పైగా ఆ దారి మొదలయ్యేది 11వ మలుపు అనే ఇరుకైన మెలిక నుంచి. ఆ మెలికలోంచి బయటికి వచ్చేటప్పుడు యాక్సిలరేటర్‌ను ఎంత ముందుగా, ఎంత ధైర్యంగా తొక్కగలిగారన్నది ఇంజిన్ చేతిలో లేదు. వెనక టైర్లకు నేల ఎంత అందుతున్నదో, ముందు టైర్లు మీరు చెప్పిన దారికి ఎంత కట్టుబడి ఉన్నాయో దాని మీద ఆధారపడి ఉంది. అక్కడ కూడబెట్టిన నాలుగైదు కిలోమీటర్ల వేగం ఆ దారిలో చాలా దూరం మీ వెంట వస్తుంది.

మీ కారు కథలోనే దీనికి మంచి నిదర్శనం ఉంది. జీఆర్86, సుబారు బీఆర్‌జెడ్ జపాన్‌లో గున్మా ప్రాంతంలోని సుబారు కర్మాగారంలోనే తయారవుతాయి. రెండింటిలోనూ ఉన్నది అదే 2.4 లీటర్ల ఇంజిన్, అదే గేర్‌బాక్సు. తేడా ప్రధానంగా కింద, సస్పెన్షన్‌లో ఉంది. బీఆర్‌జెడ్ ముందు స్ప్రింగు ఒక మిల్లీమీటరు కుంగాలంటే 30 న్యూటన్ల బలం కావాలి, జీఆర్86కు 28 చాలు. వెనక వైపు ఇది తారుమారవుతుంది: బీఆర్‌జెడ్‌కు 35, జీఆర్86కు 39. మలుపులో కారు పక్కకు ఒరగకుండా ఆపే కడ్డీ, వెనక యాంటీరోల్ బార్ కూడా జీఆర్86లో ఒక మిల్లీమీటరు లావు. చూడటానికి ఇవన్నీ చిన్న తేడాలే; నాలుగు న్యూటన్లు, ఒక మిల్లీమీటరు. అయినా రెండు కార్లూ ఒకే రోజున నడిపిన వారు వాటిని ఒకే కారు అనరు. బీఆర్‌జెడ్ మలుపులో కుదురుగా, ముందు చక్రాల మీద భరోసాతో సాగుతుంది. జీఆర్86 వెనక భాగం తొందరగా కదిలి, మలుపు తిరగడానికి తానే ఉత్సాహపడుతుంది. ఒక్క హార్స్‌పవర్ తేడా లేకుండా కారు స్వభావం మారిపోయింది.

2012లో వచ్చిన మొదటి తరం కారుకు ఇంజిన్ లోపం నిజంగానే ఉండేది. దాని 2.0 లీటర్ల ఇంజిన్ 3,500 నుంచి 4,500 ఆర్‌పీఎం మధ్య నీరసించేది. సరిగ్గా మలుపు దాటి వేగం అందుకోవలసిన చోట టార్క్ (ఇంజిన్ తిప్పే బలం) పడిపోయేది. అది డ్రైవరు చేతికి తెలిసే లోపం కనుక ఆ ఫిర్యాదు న్యాయమైనది. రెండవ తరంలో 250 న్యూటన్ మీటర్ల టార్క్ 3,700 ఆర్‌పీఎం దగ్గరే అందేలా చేసి ఆ గుంట పూడ్చారు. ఇప్పుడు మీ ఇంజిన్‌లో కంప్రెషన్ నిష్పత్తి (సిలిండరులో గాలి, ఇంధనం ఎన్నో వంతుకు నొక్కబడతాయన్న కొలత) 12.5కు 1. టర్బో లేకుండా పనిచేయడానికి అంత ఎక్కువగా నిర్ణయించిన ఇంజిన్‌లోకి గాలిని ఒత్తి పంపితే ఇంధనం నాణ్యత, ట్యూనింగు, వేడి, నూనె అన్నీ కత్తి మీద సామవుతాయి. టెక్సస్ వేసవిలో ట్రాక్ మీద ఆ సాము చేయించమని నేను చెప్పలేను. 2024లో సుబారు బీఆర్‌జెడ్‌లో టీఎస్ అనే రకాన్ని తెచ్చినప్పుడు కూడా ఇంజిన్‌ను ముట్టుకోలేదు. హిటాచీ డ్యాంపర్లు, బ్రెంబో బ్రేకులు పెట్టింది. తయారీదారే తన డబ్బును ఎక్కడ పెట్టిందో గమనించండి.

ఇక్కడ ఒక హెచ్చరిక కూడా చేయాలి. ఛాసిస్ ట్యూనింగు అంటే స్ప్రింగులు బిగుతు చేయడం కాదు. ఇంగ్లండులో ఉన్నప్పుడు నాకు మొదటి తరం మాజ్డా ఎమ్‌ఎక్స్-5 ఉండేది. దానికి బాగా గట్టి స్ప్రింగులు వేయించి, డ్యాంపర్లను మాత్రం పాతవే ఉంచాను. నున్నటి రోడ్డు మీద కారు పక్కకు ఒరగడం తగ్గింది, నాకు గర్వంగా ఉండేది. ఒక సాయంత్రం పల్లెదారిలో, మలుపు మధ్య నేల కాస్త ఉబ్బిన చోట, స్టీరింగు అరచేతుల్లో ఒక్కసారిగా దూదిలా తేలికైపోయింది. ముందు చక్రం నేలను వదిలేసింది. అర క్షణంలో మళ్ళీ ఆనుకుంది గానీ, అప్పటికి కారు రోడ్డు నడుమ గీత దాకా జరిగిపోయింది. ఎదురుగా ఎవరూ రాకపోవడం అదృష్టం. స్ప్రింగు దాచుకున్న శక్తిని డ్యాంపర్ అణచలేకపోతే టైరు నేల మీద నిలవదు. మరుసటి వారమే పాత స్ప్రింగులు తిరిగి వేయించాను.

తదుపరి ట్రాక్ డేకి మీరు చేయవలసిన పని ఒకటి చెబుతాను, ఖర్చు లేనిది. టైరు నేలను తాకే భాగం అంచు నుంచి పక్కగోడ మీదికి, మూడు నాలుగు చోట్ల సుద్దముక్కతో అడ్డంగా గీతలు గీయండి. నాలుగైదు ల్యాపులు నడిపి వచ్చి చూస్తే గీత ఎంతవరకు చెరిగిందో కనబడుతుంది. పక్కగోడ మీదికి బాగా దిగి చెరిగితే గాలి తక్కువైందని, లేదా ఆ చక్రానికి కాంబర్ (చక్రం పైభాగం లోపలికి ఒరిగి ఉండే కోణం) చాలడం లేదని అర్థం. అంచు దాకా కూడా చెరగకపోతే గాలి ఎక్కువైంది. నాలుగు టైర్ల గీతలనూ ఫొటో తీసుకుని అలైన్‌మెంట్ చేసే మెకానిక్‌కు చూపించండి.

ప్రశ్న: వరంగల్‌లో మెకానికల్ ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. ఘర్షణ బలం బరువుకు అనులోమానుపాతంలో ఉంటుంది, మలుపులో కావలసిన బలమూ అంతే. కాబట్టి సమీకరణంలో బరువు కొట్టివేయబడుతుంది. మరి తేలిక కారు మలుపులో వేగంగా పోతుందని ఎందుకంటారు?

జవాబు: చాలా మంచి ప్రశ్న. పాఠ్యపుస్తకంలోని ఘర్షణ గుణకం స్థిరాంకం, టైరుది కాదు. టైరు మీద భారం రెట్టింపయితే పట్టు రెట్టింపు కాదు, అంతకంటే తక్కువే పెరుగుతుంది. రబ్బరు స్వభావం అది. దీన్ని అర్థం చేసుకుంటే ఛాసిస్ విద్యలో సగం అర్థమైనట్టే.

వెయ్యి కిలోల కారు ఒకటి ఊహించండి. దాని గురుత్వ కేంద్రం నేల నుంచి 0.45 మీటర్ల ఎత్తున ఉంది, ఎడమ కుడి చక్రాల మధ్య దూరం 1.5 మీటర్లు. 0.9 జీ (గురుత్వ త్వరణంలో 0.9 వంతు) పక్క త్వరణంతో మలుపు తిరుగుతుంటే లోపలి చక్రాల నుంచి బయటి చక్రాలకు మారే భారం 1000ను 0.9తో, 0.45తో గుణించి 1.5తో భాగిస్తే వస్తుంది: 270 కిలోలు. అంటే చెరి 500 ఉండవలసినది బయట 770, లోపల 230 అయింది. బయటి టైర్లకు కలిసొచ్చిన పట్టు కంటే లోపలి టైర్లు పోగొట్టుకున్నదే ఎక్కువ. కారు తేలికైనా, గురుత్వ కేంద్రం కిందికి దిగినా ఈ నష్టం తగ్గుతుంది.

ఇందులో గమనించవలసిన విషయం ఇంకొకటి ఉంది. ఆ 270 కిలోలు ఎంత గట్టి స్ప్రింగులు వేసినా దాదాపు అంతే ఉంటాయి. స్ప్రింగులూ యాంటీరోల్ బార్లూ నిర్ణయించేది అందులో ముందు ఇరుసు ఎంత మోయాలి, వెనక ఇరుసు ఎంత మోయాలి అన్న పంపకాన్నే. వెనక బిగుతు పెంచితే వెనక బయటి టైరు ఎక్కువ భారం మోసి ముందుగా పట్టు సడలిస్తుంది, కారు చురుగ్గా తిరుగుతుంది. పై జవాబులో చెప్పిన జీఆర్86 వెనక స్ప్రింగు రహస్యం ఇదే. ఇక వేగం పెంచడంలోనూ బ్రేకు వేయడంలోనూ బరువు ప్రత్యక్షంగానే పనిచేస్తుంది: 20 శాతం బరువు తగ్గితే బ్రేకులు అదే వేగంలో వేడిగా మార్చవలసిన శక్తి కూడా 20 శాతం తగ్గుతుంది.

ప్రశ్న: లోటస్ ఎలీజ్ 118 హార్స్‌పవర్‌తో అంత పేరు ఎలా తెచ్చుకుంది? ఇవాళ కుటుంబాల కార్లకు కూడా అంతకంటే ఎక్కువ ఉంటోంది కదా. (లెస్టర్ నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: 1996లో అమ్మకానికి వచ్చిన ఆ కారు బరువు సుమారు 725 కిలోలే. అల్యూమినియం కడ్డీలను వెల్డింగు చేయకుండా జిగురుతో అతికించి చేసిన దాని ఛాసిస్ చట్రం 68 కిలోలు. ఒక మనిషి బరువన్నమాట. రోవర్ ఇచ్చిన ఆ 1.8 లీటర్ల ఇంజిన్ చాలా మామూలుది. కానీ బరువు తగ్గడం వల్ల పవర్ స్టీరింగు అవసరం లేకపోయింది, ముందు వైపు 185 మిల్లీమీటర్ల సన్నటి టైర్లు సరిపోయాయి, స్ప్రింగులు మెత్తగా ఉన్నా కారు అదుపులో నిలిచింది. ఒక తగ్గింపు ఇంకో తగ్గింపుకు దారి ఇస్తూ పోయింది. లోటస్ కంపెనీ ఉన్న ఇంగ్లండులోని నార్ఫోక్ గతుకుల దారుల్లో తీర్చిదిద్దిన కారు అది, ఆ మెత్తదనం విలువ అక్కడి వారికి బాగా తెలుసు.

శక్తి పెంచకూడదని కాదు. ఫ్రాన్సులోని డియెప్‌లో తయారైన ఆల్పీన్ ఏ110 మొదట 252 హార్స్‌పవర్‌తో వచ్చింది. 2019లో ఏ110 ఎస్ పేరుతో దాన్ని 292కు పెంచినప్పుడు స్ప్రింగులను 50 శాతం గట్టిపరచి, కారును 4 మిల్లీమీటర్లు కిందికి దించారు. శక్తి పెరిగితే ఛాసిస్‌ను కూడా మళ్ళీ కూర్చవలసిందేనని వారికి తెలుసు. నా మటుకు నాకు 252 ఉన్న మెత్తటి కారే మామూలు రోడ్ల మీద మేలైనది.

ప్రశ్న: విజయవాడలో ఉంటాను. ఈ కార్లు మాకు అందేవి కావు. నా పాత స్విఫ్ట్‌కు పెద్ద అల్లాయ్ చక్రాలు, కారును కిందికి దించే స్ప్రింగులు వేయిస్తే ఆ అనుభవం కొంతైనా వస్తుందా?

జవాబు: రాదు. పెద్ద చక్రాలు సాధారణంగా బరువు ఎక్కువ. ఆ బరువు స్ప్రింగు మోసేది కాదు, గతుకు తగిలినప్పుడల్లా డ్యాంపర్ ఆపవలసినది. పైగా కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ నిషేధిస్తుంది.

అయితే మీ కారు స్వతహాగా తేలికైనదే. దాని అసలు గుణాన్ని తిరిగి రప్పించండి. అదే సైజులో మంచి టైర్లు వేయించండి. డ్రైవరు తలుపు చట్రం మీద రాసి ఉన్నంత గాలిని, టైర్లు చల్లగా ఉన్నప్పుడు, తెల్లవారుజామున పట్టించండి. మే నెల ఎండలో నడిచి వచ్చిన టైరులో ఎక్కువ చూపిస్తోందని తీయించవద్దు. చక్రాన్ని పట్టి ఉంచే కంట్రోల్ ఆర్మ్‌ల రబ్బరు బుష్‌లు పగిలాయేమో కారును లేపి చూపించండి. ఆ తరువాత, కారు ఒక్కొక్క మూలను గట్టిగా కిందికి అదిమి వదలండి. ఒకసారి లేచి నిలిచిపోతే సరే. రెండు మూడు సార్లు ఊగితే ఆ షాక్ అబ్జార్బర్ పని అయిపోయినట్టే. మార్చేటప్పుడు ఒక ఇరుసుకు రెండూ కలిపే మార్చండి. ఒక్కటే మారిస్తే కారు కుడి మలుపులో ఒక తీరుగా, ఎడమ మలుపులో మరొక తీరుగా నడుస్తుంది.