అంచనా కాగితం చివరి వరుస

ప్రశ్న: నా వయసు 41. మా నాన్నగారి నుంచి నాకు వచ్చిన 1972 నాటి కారు ఉంది. రెండు లీటర్ల, నాలుగు సిలిండర్ల ఇంజిన్. కార్బ్యురేటర్‌తో సహా అన్నీ కంపెనీ బిగించినవే. దీనికి రెండు వెబర్ 45 డీసీఓఈ కార్బ్యురేటర్లు (ఒక్కోదానికి రెండేసి గొట్టాలుండే రకం) పెట్టించాలని కోరిక. ఈ ఏడాది మూడు నెలల జీతమంత బోనస్ వచ్చింది. అది కార్బ్యురేటర్లకు, వాటిని ఇంజిన్‌కు కలిపే మానిఫోల్డుకు సరిపోతుంది. బిగింపు కూలికి వ్యక్తిగత రుణం తీసుకుందామనుకుంటున్నాను. అత్యవసర నిధిగా నాలుగు నెలల జీతం పక్కన ఉంది. మార్పుల తర్వాత కారు విలువ ఎలాగూ పెరుగుతుంది కాబట్టి ఇది పెట్టుబడే కదా? మెకానిక్ ఇచ్చిన అంచనా కాగితం ఫొటో జతచేశాను.

జవాబు: మీ ఉత్తరం కంటే ఆ కాగితాన్నే ఎక్కువసేపు చూశాను. కార్బ్యురేటర్లు, మానిఫోల్డు, కూలి, కింద మొత్తం. ఆ మొత్తానికీ కింద, పెన్సిల్‌తో, నాలుగు అంకెలు: 150, 146, 149, 112. వాటి పక్కన ధర లేదు. మీరు వాటిని పట్టించుకున్నట్టు లేరు.

అవి కంప్రెషన్ పరీక్ష అంకెలు, పీఎస్ఐలలో (చదరపు అంగుళానికి ఇన్ని పౌండ్ల ఒత్తిడి అని). ఒక్కో సిలిండర్ గాలిని ఎంత గట్టిగా నొక్కి పట్టగలదో చెబుతాయి. నాలుగింటి మధ్య తేడా పది శాతం దాటకూడదని మెకానిక్‌ల లెక్క. మీ నాలుగోది మొదటిదానికంటే పాతిక శాతం తక్కువగా ఉంది. అంటే ఎక్కడో గాలి తప్పించుకుపోతోంది: పిస్టన్ రింగుల పక్కనుంచో, వాల్వులోంచో, ఇంజిన్ పైభాగమైన హెడ్ కింద ఉండే గాస్కెట్‌లోంచో. మీ మెకానిక్ నిజాయితీపరుడే, కొలిచాడు, రాశాడు. కానీ మీరు అడిగింది కార్బ్యురేటర్ల గురించి కాబట్టి వాటికే ధర కట్టాడు.

కార్బ్యురేటర్ శక్తిని పుట్టించదు. ఇంజిన్ పీల్చే గాలికి దారి ఇచ్చి, అందులో పెట్రోలు కలుపుతుంది, అంతే. పట్టు లేని సిలిండర్‌కు ఎంత మంచి మిశ్రమం అందించినా దాన్ని నిలుపుకోలేదు. పైగా మీరు అడుగుతున్న ఏర్పాటులో ఒక్కో సిలిండర్‌కు ఒక్కో గొట్టం. ఇప్పుడున్న ఒకే కార్బ్యురేటర్ కింద కొంత దాగిన లోపం అప్పుడు ట్యూనింగ్ చేసేవాణ్ణి రోజంతా తిప్పలు పెడుతుంది. ఆ రోజంతటికీ కూలి మీదే.

ఇక పెట్టుబడి మాట. పాత కార్లు కొనేవాళ్లలో డబ్బు ఎక్కువ పెట్టేవాళ్లు చూసేది కారు ఫ్యాక్టరీనుంచి వచ్చినట్టే ఉందా లేదా అని. ఫ్యాక్టరీయే వెబర్లు బిగించిన కారైతే వేరు. 1963లో వచ్చిన లోటస్ కార్టినాకు రెండు 40 డీసీఓఈలు పుట్టుకతోనే ఉన్నాయి, అక్కడ అవి ఉండటమే విలువ. మీ కారుకు అవి అలంకారాలు. ఇష్టపడే కొనుగోలుదారు దొరకవచ్చు, కానీ మీరు పెట్టిన ఖర్చంతా తిరిగి ఇచ్చేవాడు దొరకడం అరుదు. దీన్ని సరదా ఖర్చుల్లో రాసుకోండి. సరదాకు ఖర్చు పెట్టడం తప్పేమీ కాదు, దాన్ని పెట్టుబడి అని పిలిచి అప్పు చేయడంతోనే నాకు పేచీ.

చాలా ఏళ్ల కిందట నేనూ ఈ పని చేశాను. జత కార్బ్యురేటర్లు బిగించుకున్న ఉత్సాహంలో పాత కార్బ్యురేటర్‌ను, మానిఫోల్డును గ్యారేజీలోనే వదిలేశాను. రెండేళ్లకు కారు అమ్మబోతే మొదటి ఇద్దరూ అడిగింది ఆ పాత సామాను గురించే. మళ్లీ వెతికి కొనడానికి నేను పెట్టిన ఖర్చు చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గు. మీరు ఏం చేసినా విప్పిన ప్రతి నట్టునూ నూనె రాసి, పేరు చీటీ కట్టి, పెట్టెలో దాచండి.

45 అవసరమా అన్నది కూడా డబ్బు ప్రశ్నే. నాలుగు స్ట్రోకుల ఇంజిన్ రెండు చుట్లకు ఒకసారి తన ఘనపరిమాణమంత గాలి పీలుస్తుంది. మీ రెండు లీటర్ల ఇంజిన్ నిమిషానికి 6000 చుట్లు తిరిగినా లెక్కకు 6000 లీటర్లు, అందులో ఎనభై, ఎనభై అయిదు శాతం నిజంగా లోపలికి వెళ్తుందనుకుంటే సుమారు 5000 లీటర్లు. వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్ట్ మామూలుదే ఉన్న మీ ఇంజిన్‌కు 40 జత చాలు. ఆ అంకె థ్రాటిల్ (గాలిని అదుపు చేసే రెక్క) దగ్గర గొట్టం వ్యాసం, మిల్లీమీటర్లలో. అసలు పని చేసేది లోపల మార్చుకోగలిగే వెంచురీ అనే ఇరుకు గొట్టం. ఆ ఇరుకులో గాలి వేగం పెరిగి, ఒత్తిడి పడిపోయి, జెట్‌లోంచి పెట్రోలు పైకి వస్తుంది. ఇరుకు మరీ వెడల్పయితే తక్కువ చుట్ల దగ్గర గాలి బద్ధకంగా పోతుంది, కారు దగ్గుతుంది. రేసుల్లో తప్ప కనబడని లాభం కోసం ప్రతి కూడలి దగ్గరా దగ్గే కారును కొనుక్కోవడమెందుకు?

మీ కాగితంలో లేని వరుసలు ఇంకా ఉన్నాయి. పెట్రోలు ఒత్తిడి నియంత్రించే రెగ్యులేటర్ కావాలి. ఈ కార్బ్యురేటర్లు సుమారు 3 పీఎస్ఐతో తృప్తిపడతాయి, అంతకు బాగా మించితే పెట్రోలును ఆపే నీడిల్ వాల్వును తోసుకుని పెట్రోలు పొంగుతుంది. థ్రాటిల్ లింకేజీ, గాలి ఫిల్టర్లు కావాలి. సిలిండర్లకు స్పార్కు పంచే డిస్ట్రిబ్యూటర్‌కు వాక్యూమ్ అందే చోటు పోతే స్పార్కు సమయాన్ని మళ్లీ సరిచేయించాలి. అన్నిటికంటే ముఖ్యం డైనో (ఇంజిన్ శక్తిని కొలిచే యంత్రం) మీద ట్యూనింగ్. పెట్రోలు, గాలి పాళ్లను నిర్ణయించే చిన్న ముక్కలు మెయిన్ జెట్, ఎయిర్ కరెక్టర్, ఐడిల్ జెట్ ఏవి మార్చినా నాలుగేసి కొనాలి. ఇలాంటి పనికి కార్బ్యురేటర్ల ధర ఎంతో అంతే మొత్తం మిగతావాటికీ అవుతుందని నేను ముందే రాసుకుంటాను. మిగిలితే సంతోషం.

పెట్రోలు ఖర్చుకు మాత్రం భయపడనక్కర్లేదు. లీటరుకు 10 కిలోమీటర్లు ఇచ్చే కారు 8కి పడిపోయిందే అనుకుందాం. ఏడాదికి 2000 కిలోమీటర్లు తిప్పితే అదనంగా పట్టేది 50 లీటర్లు. బీమా సంస్థకు మార్పుల సంగతి ముందే రాతపూర్వకంగా తెలపండి, చెప్పకపోతే క్లెయిము దగ్గర చిక్కు.

అప్పు సంగతి. ఉదాహరణకు ఏడాదికి 12 శాతం వడ్డీతో మూడేళ్లకు వంద తీసుకుంటే, వాయిదాలన్నీ కలిపి దాదాపు 120 కడతారు. కూలి కోసం అని మొదలయ్యే రుణం, ఇంజిన్ విప్పాక నాలుగో సిలిండర్ బయటపడితే రెట్టింపవుతుంది. సగం విప్పిన కారు ముందు నిలబడి ఎవరూ వద్దనలేరు. రుణం వద్దు.

బోనస్‌లో మూడో వంతు అత్యవసర నిధికి చేర్చండి, అది అయిదు నెలలవుతుంది. మిగతా రెండు వంతులు కారు పేరుతో విడిగా ఖాతాలో వేయండి. మొదటి పని ఆ సిలిండర్. ఇప్పుడున్న కార్బ్యురేటర్ థ్రాటిల్ స్పిండిల్‌ను (ఆ రెక్క తిరిగే ఇరుసును) కూడా వేళ్లతో పట్టుకుని కదిలించి చూడమనండి. లొడలొడలాడితే అక్కడినుంచి అదనపు గాలి లోపలికి పోతోందన్నమాట. కొత్త బుష్‌లు వేసి, శుభ్రంగా కట్టించిన పాత కార్బ్యురేటర్‌తో ఆరోగ్యంగా నడిచే ఆ ఇంజిన్‌ను మీరు బహుశా ఎప్పుడూ నడిపి ఉండరు. ఒక సీజన్ నడపండి. అప్పటికీ కోరిక తీరకపోతే, ఖాతాలో మిగిలినదానికి వచ్చే ఏడాది బోనస్ కలిపి 40 జత కొనండి. నేనే మెచ్చుకుంటాను.

ఈ వారం చేయాల్సింది ఒక్కటే. నాలుగో సిలిండర్‌లో చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ కొలవమని మెకానిక్‌కు చెప్పండి. అంకె బాగా పెరిగితే లోపం రింగులదో సిలిండర్ గోడదో, ఇంజిన్ దించాలి, ఖర్చు పెద్దది. పెరగకపోతే వాల్వులదో గాస్కెట్‌దో, హెడ్ వరకు విప్పితే సరిపోవచ్చు. ఆ అంకె చేతికి వచ్చేవరకు కార్బ్యురేటర్లకు బయానా ఇవ్వకండి.