వరంగల్‌లో ఉండి మెరైన్ సైన్స్ జర్నల్‌కు స్పెషల్ ఇష్యూ ప్రతిపాదించవచ్చా? ఎక్కడ మొదలుపెట్టాలి?

మీరు హన్మకొండలో డిగ్రీ కాలేజీ లెక్చరర్‌నని, గోదావరి ఒండ్రు మీద పీహెచ్‌డీ చేశానని, సముద్రం ఇంత దూరంలో పెట్టుకుని స్పెషల్ ఇష్యూ ప్రతిపాదిస్తే ఎవరైనా పట్టించుకుంటారా అని అడిగారు. పట్టించుకుంటారు. స్పెషల్ ఇష్యూ అంటే ఒకే అంశం మీది పేపర్లను ఒకచోట చేర్చే ప్రత్యేక సంచిక. నేను వరంగల్‌లోనే పనిచేస్తూ అలాంటి సంచిక ఒకదానికి గెస్ట్ ఎడిటర్‌గా, అంటే ఆ ఒక్క సంచిక బాధ్యత చూసే బయటి సంపాదకుడిగా ఉన్నాను. విశాఖ నుంచి ఒకరు, గోవా నుంచి ఒకరు నాతో కలిసి నడిపించారు. మనం ఏ ఊళ్లో ఉన్నామని చీఫ్ ఎడిటర్ ఒక్కసారి కూడా అడగలేదు. అడిగిందల్లా ఒకటే: ఈ పేపర్లన్నీ ఒకచోట ఎందుకుండాలి?

మీ బలం ఆ ప్రశ్నలోనే ఉంది. గోదావరి కందకుర్తి దగ్గర మన రాష్ట్రంలోకి వస్తుంది, కాళేశ్వరంలో ప్రాణహితను కలుపుకుంటుంది, భద్రాచలం మీదుగా ధవళేశ్వరం చేరి అక్కడి నుంచి పాయలై సముద్రంలో పడుతుంది. బంగాళాఖాతం పైపొరలో ఉప్పదనం తక్కువ. వానలు, నదులు తెచ్చిన తేలికపాటి నీళ్లు పైన పరుచుకోవడంతో కిందున్న చల్లటి నీళ్లు సులువుగా పైకి రాలేవు. తుపాన్ల బలం మీద కూడా దీని ప్రభావం ఉంటుంది. ఇందులో గంగ, బ్రహ్మపుత్ర, ఇరావతి వాటా పెద్దదే. అయినా మన తీరం వెంట గోదావరి చేసే పని వేరు. పైన ఆనకట్టలు కట్టేకొద్దీ కిందికి దిగే ఒండ్రు తగ్గింది. తీరం కోతకు, కోరింగ మడ అడవులకు దాంతో సంబంధం ఉంది. సముద్రం పక్కన ఉన్నవాళ్లు ఈ కథను నది సముద్రంలో కలిసే మొగ దగ్గర మొదలుపెడతారు, మీరు ఎగువ నుంచి చెప్పగలరు.

‘బంగాళాఖాతంపై నూతన పరిశోధనలు’ లాంటి పేరుతో మాత్రం వెళ్లకండి. అందులో ఏ పేపరైనా ఇముడుతుంది, కాబట్టి దేనికీ అక్కడ ఉండాల్సిన పని ఉండదు. మేం మొదటి చిత్తులో ‘గోదావరి డెల్టా, తీరం’ అని రాసి, చర్చించాక దాన్ని ప్రశ్నగా మార్చాం: ఎగువన నీటిని ఆపడం పెరిగాక వానాకాలపు వరద తీరంలోని ఉప్పదనాన్ని, ఒండ్రును, చేప పిల్లల ఎదుగుదలను ఎలా మారుస్తోంది? ఈ వాక్యం కుదిరాక ఏ పేపర్ కావాలో, ఏది వద్దో దానంతటదే తేలిపోయింది. రొయ్యల చెరువుల మీద మంచి పేపర్ ఒకటి వచ్చింది. ఈ ప్రశ్నకు అది జవాబు కాదు కాబట్టి, జర్నల్ మామూలు సంచికకు పంపుకోమని రచయితకు మర్యాదగా రాశాం.

జర్నల్ ఎంచుకునే ముందు దాని పాత సంచికల్లో విషయసూచికలు చూడండి. ‘డీప్ సీ రీసెర్చ్’ రెండో భాగం ప్రధానంగా ఇలాంటి సంచికల కోసమే నడుస్తుంది. ‘ఓషనోగ్రఫీ’ పత్రిక 2016 జూన్‌లో బంగాళాఖాతం మీద ఒక ప్రత్యేక సంచిక వేసింది. అలాంటివి చదివితే ఇప్పటికే ఏం చెప్పేశారో తెలుస్తుంది. ఆ తర్వాత పూర్తి ప్రతిపాదన కాకుండా చీఫ్ ఎడిటర్‌కు ఒక పేజీ ఉత్తరం రాసి, ఆసక్తి ఉందో లేదో కనుక్కోండి.

‘మీరే గెస్ట్ ఎడిటర్‌గా ఉండండి’ అంటూ వాళ్లంతట వాళ్లు పంపే మెయిళ్ల విషయంలో చాలా జాగ్రత్త అవసరం. స్పెషల్ ఇష్యూల్లో రివ్యూ పద్ధతే, అంటే అచ్చుకు ముందు నిపుణులు పేపర్‌ను పరీక్షించే పద్ధతే, చెడిపోయిందని తేలాక, 2023లో జర్నళ్లు ప్రచురించే హిందావీ సంస్థ 8,000కు పైగా పేపర్లను వెనక్కి తీసుకుంది. వాటిలో నిజాయితీగా రాసినవాళ్ల పేర్లకు కూడా మచ్చ పడి ఉంటుందని తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధేస్తుంది. ప్రచురణ రుసుము ఉన్న జర్నల్ అయితే ఎవరు కడతారో ముందే అడగండి. రాష్ట్ర యూనివర్సిటీలో ప్రాజెక్టు లేని రీసెర్చ్ స్కాలర్ ఆ డబ్బు కట్టలేడు. అతని పేపర్ రాకుండా పోయే సంచికను నేనైతే నెత్తినెత్తుకోను.

ప్రతిపాదనలో ప్రశ్న, అది ఇప్పుడే ఎందుకన్న సంగతి, ఎడిటర్ల వివరాలు, రాబోయే పేపర్ల జాబితా, గడువులు ఉండాలి. వీటిలో జాబితాయే ప్రాణం. ‘చూద్దాం సార్’ అన్నవాళ్ల పేరు అందులో రాయకండి. పేపర్ పేరు, అయిదు వాక్యాల సారాంశం పంపినవాళ్లనే లెక్కలోకి తీసుకోండి. వాళ్లలోనూ కొందరు చివర్లో జారుకుంటారు కాబట్టి అవసరానికి మించి పిలవాలి. అందరూ మన దేశం వాళ్లే, అందులోనూ ఒకే గురువు శిష్యులే ఉంటే ఎడిటర్‌కు అనుమానం వస్తుంది, అది న్యాయమైన అనుమానమే. మీ సొంత పేపర్ పెడితే దాని రివ్యూ మీ చేతుల్లో ఉండదని స్పష్టంగా రాయండి. ఓపెన్ యాక్సెస్ జర్నళ్ల జాబితా నడిపే డీఓఏజే, గెస్ట్ ఎడిటర్ల సొంత పేపర్లు సంచికలో 25 శాతం దాటకూడదంటుంది. మీ జర్నల్ ఆ జాబితాలో లేకపోయినా అదే హద్దు పాటించండి.

గడువులు పెట్టేటప్పుడు మన క్యాలెండర్ చూసుకోవాలి. మార్చిలో అందరూ ప్రాజెక్టు డబ్బు ఖర్చుకు లెక్క చూపే యుటిలైజేషన్ సర్టిఫికెట్ల వెంట పరుగెడుతుంటారు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, కాబట్టి కాకినాడ బోట్ల మీద ఆధారపడి శాంపిళ్లు తెచ్చుకునేవాళ్లకు అప్పుడు పని ఆగిపోతుంది. జూలై నుంచి అక్టోబరు దాకా అసలు వరద ఉండే కాలం, అందరూ ఫీల్డులో ఉంటారు. అందుకే మేం డిసెంబరు చివర పెట్టాం. అయినా ఫోన్లు వస్తాయి, ‘సార్, ఇంకో పదిరోజులు టైం ఇయ్యుండ్రి’ అని. ఒకసారి ఇవ్వండి, కానీ అందరికీ ఒకేలా ఇవ్వండి. ఇప్పుడు చాలా జర్నళ్లలో ఏ పేపర్ ఓకే అయితే అది వెంటనే ఆన్‌లైన్‌లో వచ్చేస్తుంది కాబట్టి ఒకరి ఆలస్యం మిగతావాళ్లకు ఉరి కాదు.

రివ్యూయర్లు దొరకడమే అన్నిటికన్నా కష్టం. గోదావరి మొగ మీద పనిచేసేవాళ్లు కొద్దిమంది, వాళ్లలో చాలామంది మీ సంచికలోనే రాస్తుంటారు. ఒకరి పేపర్ మరొకరికి పంపితే అది రివ్యూ అనిపించుకోదు. మేం మెకాంగ్, మహానది డెల్టాల మీద పనిచేసినవాళ్లను వెతికి అడిగాం. వాళ్లకు మన స్థలాలు తెలియవు, అందుకే మనం తెలిసిందే కదా అని వదిలేసిన చోటల్లా ప్రశ్న వేశారు. పేపర్లు ఎంతో బాగుపడ్డాయి.

సమన్వయం అంటే గుర్తుచేసే మెయిళ్లు పంపడం అనుకుంటారు. నా దృష్టిలో అసలు సమన్వయం పేపర్ల మధ్య జరగాలి. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది కదా, ఆ వరద మూడు పేపర్లలో వచ్చింది. ఇరిగేషన్ వైపు నుంచి వచ్చిన పేపర్లో లక్షల క్యూసెక్కులు, సముద్రం వాళ్ల పేపర్లలో సెకనుకు ఘనపు మీటర్లు. లక్ష క్యూసెక్కులంటే దాదాపు 2,830 ఘనపు మీటర్లు. చదివేవాడు కాగితం మీద లెక్క వేసుకుంటే తప్ప అది ఒకే వరద అని తెలియదు. మూడింటిలోనూ ఘనపు మీటర్లే వాడించి, వరద తేదీలు ఒకేలా రాయించి, ఒకరి పటంలోని స్టేషన్లను మిగతా ఇద్దరికీ చూపించాం. దాంతో ఉప్పదనం పేపర్ రాసినవారికి తన గ్రాఫులోని పల్లం ఏ రోజు నీళ్లదో తేలింది, చర్చ భాగాన్ని తిరగరాశారు. నాకు ఆ సంచికలో అన్నిటికన్నా ఇష్టమైన పేజీ అదే.

మీరు ముందుగా చేయాల్సింది సహ ఎడిటర్‌ను వెతుక్కోవడం. మీ థీసిస్‌కు బయటి ఎగ్జామినర్‌గా వచ్చినవారికి రాయండి, మీ పని మొత్తం చదివిన మనిషి ఆయనే. విశాఖలో జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ (ఎన్ఐఓ) ప్రాంతీయ కేంద్రం, ఆంధ్రా యూనివర్సిటీ ఉన్నాయి. హైదరాబాద్ ప్రగతినగర్‌లో జాతీయ సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఉంది, పొద్దున కాజీపేటలో రైలెక్కితే మాట్లాడుకుని రాత్రికి ఇల్లు చేరవచ్చు. వెళ్లేటప్పుడు ప్రతిపాదన అక్కర్లేదు, ఆ ఒక్క ప్రశ్న రాసిన కాగితం తీసుకెళ్లండి.