నాలుగు పళ్ల గొర్రె వేరు, నాలుగు పళ్లే మిగిలిన గొర్రె వేరు

ప్రశ్న: నెల కిందట సంతలో 10 గొర్రెలు కొన్నాను. అన్నీ నాలుగు పళ్ల జీవాలే, లేత వయసని అమ్మినాయన చెప్పాడు. మూడు మాత్రం ఎంత మేసినా చిక్కిపోతున్నాయి. నమిలిన మేత ముద్దలుగా జారిపడుతోంది. ఒకదానికి పై పళ్లు అసలే లేవు. ఏం చేయాలి?
– ఒక రైతు, బంగారుపాళ్యం మండలం, చిత్తూరు జిల్లా

జవాబు: ముందు ఆ పై పళ్ల దిగులు వదిలేయండి. ఏ గొర్రెకూ పైదవడ ముందువైపు పళ్లుండవు, గట్టి చిగురే ఉంటుంది. కింది 8 పళ్లను దానికి అదిమి గడ్డి తెంచుకుంటుంది. మిగతా తొమ్మిదింటి నోళ్లూ అలాగే ఉంటాయి, చూడండి.

వయసు చెప్పేది ఆ కింది పళ్లే. పిల్లకు ఎనిమిదీ సన్నటి పాలపళ్లు. ఏడాది, ఏడాదిన్నర మధ్య నడిమి జత ఊడి వెడల్పాటి పళ్లు వస్తాయి. రెండేళ్లకు అటూఇటుగా 4, మూడేళ్లకు 6, నాలుగేళ్లకు 8. జాతిని, మేతను బట్టి కొన్ని నెలల తేడా ఉంటుంది. ఎనిమిదీ వచ్చాక లెక్క కుదరదు. అరుగుదల, సందులు చూసి అంచనా కట్టాల్సిందే.

పగటి వెలుతురులో గొర్రెను పట్టుకుని కింది పెదవిని బొటనవేలితో కిందికి లాగండి. నిజంగా నాలుగు పళ్లదైతే నడిమి పెద్ద పళ్లకు అటు రెండు, ఇటు రెండు చిన్న పాలపళ్లు కనిపించాలి. అక్కడ ఉత్త చిగురో, విరిగిన మొండి ముక్కలో ఉంటే అది నాలుగే మిగిలిన ముసలి గొర్రె. సంత హడావుడిలో పెద్ద పళ్లు లెక్కపెడతాం గాని పక్కన పాలపళ్లు ఉన్నాయా అని చూడం. మోసం జరిగేది అక్కడే.

మేత జారడం మాత్రం ముందు పళ్ల వల్ల కాదు, నమిలే దవడ పళ్ల వల్ల. బుగ్గ మీద నుంచే వేళ్లతో దవడ వెంబడి తడమండి. నొప్పి ఉంటే తల గుంజుకుంటుంది. నోట్లో వేలు పెట్టొద్దు, ఆ పళ్ల అంచులు కత్తుల్లా కోస్తాయి. ఎముక మీద గట్టి గడ్డ తగిలితే పంటి వేరులో చీము పట్టిందని అనుమానించాలి; డాక్టరుకు చూపించండి. దవడ కింద మెత్తగా నీరు దిగి, కంటి రెప్ప లోపల పాలిపోయి ఉంటే చాలావరకు అది పళ్ల జబ్బు కాదు, కార్జపు (కాలేయపు) జలగలు గాని, రక్తం పీల్చే కడుపు పురుగులు గాని కారణం. పెంటికలు పశువుల ఆసుపత్రిలో పరీక్ష చేయించాకే మందు తాగించండి. చొంగ కారుతూ నోట్లో పుండ్లుంటే ఆ గొర్రెను వెంటనే మందకు దూరంగా కట్టేయండి, మందకంతా అంటుకునే గాలికుంటు జబ్బు కావచ్చు.

పళ్లు పోయినవాటిని మందతో కొండ మేపుకు తోలకండి. వేరుశనగ కట్టెను (కాయలు తీశాక మిగిలిన ఎండు చెట్టును) బాగా నలగ్గొట్టి, తవుడు, మొక్కజొన్న నూక తడిపి పెట్టండి. నూక గుప్పెడుతో మొదలుపెట్టి వారం పది రోజుల్లో మెల్లగా పెంచండి. ఒక్కసారిగా పెడితే కడుపులో పులిసి ప్రాణం మీదికొస్తుంది. వాటిని ఇక పొట్టేలుకు కట్టించొద్దు. కాస్త కండ పట్టగానే అమ్మేయడమే మేలని నా సలహా. ఇప్పటికే చూడితో ఉంటే ఈనేదాకా ఇదే మేత ఇవ్వండి. ఈనాక తల్లికి పాలు చాలకపోవచ్చు కాబట్టి, పిల్లకు పాలిచ్చే మరో గొర్రెనో మేకనో ముందే చూసి పెట్టుకోండి.